ఆఖరి బెంచీ మనిషి

తడిసిన హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక మనిషి క్లాసులోకి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

బోర్డు మీద స్టాటిస్టిక్స్ లెక్క రాస్తున్న ఉమాశ్రీ చెయ్యి మధ్యలో ఆగింది.

బయట వాన జోరుగా పడుతోంది. కిటికీ అవతల బండరాళ్లు నల్లగా మెరుస్తున్నాయి. అతను జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. నీళ్లు కారుతున్న హెల్మెట్‌ని కాళ్ల దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని బోర్డు వైపు చూశాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. విద్యార్థి కాదు. స్టాఫ్ మెడలో వేసుకునే నీలం తాడు కూడా లేదు.

వచ్చేశాడు, అనుకుంది ఉమాశ్రీ.

"మేడమ్, అక్కడ మైనస్ రావాలి," అంది ముందు వరసలో అమ్మాయి.

ఆమె మైనస్ పెట్టింది. అది వంకరగా వచ్చింది.

నవశిల యూనివర్సిటీలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూడేళ్లు ప్రొబేషన్. చివరి ఏడాదిలో బయటి మనిషి ఒకరు చెప్పా పెట్టకుండా క్లాసుకు వచ్చి వెనక కూర్చుంటారు. ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో, ఎన్నిసార్లు వస్తారో రిజిస్ట్రార్ ఆఫీసుకు తప్ప ఎవరికీ తెలియదు. వచ్చినవారిని మీరెవరని అడగకూడదు. తన ఉద్యోగం గురించి వారితో ఒక్క మాట ఎత్తకూడదు. పాఠం ఎలా ఉందో వారు చెప్పే మాట మీదే ఉద్యోగం పర్మనెంట్ అవడమో, ఇంటికి పోవడమో ఉంటుంది. కాగితాల్లో ఆ మనిషి పేరు 'పరిశీలకుడు'. స్టాఫ్ రూంలో మాత్రం అందరూ 'ఆఖరి బెంచీ' అనే అంటారు.

ఆ రోజు క్లాసు అయిపోగానే ఉమాశ్రీ స్టాఫ్ రూంలోకి వెళ్లి కుర్చీలో కూలబడింది. పక్క సీటు సౌజన్య నిరుడే పర్మనెంట్ అయిన మనిషి. అందుకని ఆవిడకు అన్నీ తమాషాగానే ఉంటాయి.

"వచ్చాడా? నిజంగా? ఎలా ఉన్నాడు?"

"తడిసి ఉన్నాడు."

"అది కాదే. కోపంగానా, శాంతంగానా?"

"తెలీదు. హెల్మెట్‌తో వచ్చాడు."

"బైకు మీద వచ్చే పరిశీలకుడా! నాకు వచ్చినాయన కారు దిగి, హాయిగా నిద్రపోయి వెళ్లాడు. నీవాడు నిద్రపోయాడా?"

"రెప్ప కూడా వెయ్యలేదు."

"అయితే కష్టమే," అని నవ్వింది సౌజన్య. తర్వాత గొంతు తగ్గించింది. "ఎవరని మాత్రం అడగకు. పోయినేడాది కెమిస్ట్రీలో ఒకాయన అడిగాడు. ఇప్పుడు మియాపూర్‌లో ట్యూషన్లు చెప్తున్నాడు."

క్వార్టర్‌కి నడిచి వెళ్తున్నంతసేపూ ఉమాశ్రీకి ఆ మాటే వినపడుతూ ఉంది.

నిజానికి ఆమెకు పర్మనెంట్ అన్న మాట మీద అంత మోజు లేదు. క్వార్టర్ మీద ఉంది. రెండు గదులు, ముందు చిన్న వరండా, వరండాలో తండ్రి రామ్మోహనరావు. అమ్మ పోయాక ఆయన కాకినాడ వదిలి కూతురి దగ్గరికి వచ్చారు. మొదట్లో నల్లగండ్లలో అద్దెకుండేవారు. పదకొండో అంతస్తులో ఆయన కిటికీ దగ్గర కూర్చుని రోజంతా కింద కార్లు చూసేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. క్యాంపస్‌లో క్వార్టర్ వచ్చాక, కుటుంబసభ్యులకు ఇచ్చే లైబ్రరీ కార్డు చేతికందాక, ఒకరోజు హఠాత్తుగా "ఉమా, పచ్చిపులుసు చేస్తావా?" అని అడిగారు. ఆ రోజు ఆమె వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడింది.

ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. కార్డు పోతుంది. మళ్లీ ఆ కిటికీ.

"ఏం తల్లీ, అలా ఉన్నావు?" అన్నారు రామ్మోహనరావు, ఒళ్లో పుస్తకం మూస్తూ.

"ఏం లేదు నాన్నా. వాన."

*

మళ్లీ బుధవారం అతను వచ్చాడు. ఆ పై బుధవారమూ వచ్చాడు. అదే బెంచీ. ఈసారి క్లాసు అయ్యాక వెళ్లిపోకుండా బోర్డు దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఒక డౌట్ అడగొచ్చునా?"

ఉమాశ్రీ డస్టర్ గట్టిగా పట్టుకుంది. "అడగండి."

"మా బోరబండ బస్సు సగటున పది నిమిషాలకొకటి అంటరు. బైకు ఖరాబై నేను బస్టాప్‌ల నిలబడ్డప్పుడల్లా మాత్రం అంతకన్నా ఎక్కువనే ఆగాల్సొస్తది. గిది నా నసీబా, లెక్కనా?"

అప్పటికే సంచులు సర్దుకుంటున్న విద్యార్థులు నవ్వారు. ఉమాశ్రీకి నవ్వు రాలేదు. పరీక్ష పెడుతున్నాడు. సగటు గురించి అందరూ చెప్పే జవాబు కాదు ఇతనికి కావలసింది.

"లెక్కేనండీ," అంది నెమ్మదిగా. "బస్సులు గడియారం పెట్టుకుని రావు. రెండు బస్సులు వెంట వెంటనే వస్తాయి, ఆ తర్వాత చాలాసేపు ఏదీ రాదు. మీరు బస్టాప్‌కి ఏదో ఒక సమయంలో వెళ్తారు. చిన్న విరామంలో వెళ్లే అవకాశం తక్కువ. పెద్ద విరామంలో వెళ్లే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది పెద్దది కాబట్టి. అందుకే ఎదురుచూసేవాడికి సగటు ఎప్పుడూ అబద్ధంలా కనిపిస్తుంది."

అతని మొహమంతా నవ్వు పరుచుకుంది.

"అంటే నా తప్పు కాదన్నట్టు!"

"మీ తప్పు కాదండీ."

"గీ ముచ్చట నాకు ఇంజినీరింగ్‌ల ఎవ్వరన్నా చెప్పుంటే ఎంత బాగుండు," అని హెల్మెట్ తీసుకుని వెళ్లబోయి ఆగాడు. "మేడమ్, ఇందాక ఇది చెప్పినప్పుడు మీరు స్లైడ్లు చూడలే. మస్తు చెప్పిన్రు. స్లైడ్లు పెట్టినప్పుడు మాత్రం ఎవరో మిమ్మల్ని బెదిరిస్తున్నట్టు చెప్తరు."

ఎవరో కాదు, నువ్వే, అనుకుంది ఉమాశ్రీ. పైకి "ధన్యవాదాలండీ" అంది.

తర్వాతి క్లాసు నుంచి ఆమె స్లైడ్లు మానేసింది. పరిశీలకుడి మాట. కాదనడానికి ఆమె ఎవరు?

స్లైడ్లు లేకపోయేసరికి తప్పించుకోవడానికి చోటు లేకుండా పోయింది. బోర్డు, తను, ఎదురుగా పిల్లలు. బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నల్ గురించి, హాస్టల్ సాంబారు గురించి, వాన కురిసే అవకాశం గురించి చెప్పింది. గిన్నె బాగా కలిపితే ఒక్క గరిటె రుచి చూస్తే చాలు, కలపకపోతే పది గరిటెలైనా దండగే అంటే, వెనక నించి ఎవరో "మా హాస్టల్‌ది కలిపినా దండగే మేడమ్" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆఖరి బెంచీ కూడా నవ్వింది. ఆ నవ్వు వినపడగానే ఆమె చూపు అటు వెళ్లింది. అతను చూపు తిప్పుకోలేదు. ఆమే బోర్డు వైపు తిరిగిపోయింది.

అదే వారం డిపార్ట్‌మెంట్ హెడ్ శ్రీనివాసులు గారు పిలిచారు. అనంతపురం మనిషి. మాట మెత్తన, పని గట్టి.

"ఏమ్మా ఉమా, స్లైడ్లు అప్‌లోడ్ చేసేది మానేసినావంట?"

"బోర్డు మీద చెప్తున్నాను సార్."

"చెప్పు, కాదనలేదు. కానీ ఈ ప్రొబేషన్ సంవత్సరంలోనా ప్రయోగాలు? ఎవరైనా అడిగితే నేనేం చూపించాల? ముందు పర్మనెంట్ కానీ. ఆ తర్వాత నువ్వు బోర్డు మీద చెప్పు, గోడ మీద చెప్పు."

ఆమె తల ఊపి వచ్చేసింది. ఎవరి మాట వినాలి? పై నుంచి వచ్చిన మనిషి ఒకటి చెప్తున్నాడు, పైన ఉన్న మనిషి ఇంకొకటి చెప్తున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా బుధవారం మళ్లీ స్లైడ్లు లేకుండానే వెళ్లింది. భయం వల్లే వెళ్తున్నానని తనకు తాను చెప్పుకుంది. కానీ పొద్దున్న అద్దం ముందు రెండు చీరలు మార్చిందంటే, దానికి భయం ఒక్కటే కారణం అయి ఉండదు.

*

క్యాంటీన్ రేకుల మీద వాన చప్పుడు చేస్తోంది. ఉమాశ్రీ టీ తీసుకుని కూర్చోగానే అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కూర్చోవచ్చునా మేడమ్? బైటికి పోదామంటే రోడ్డు కనపడ్తలేదు."

వద్దనడం మర్యాద కాదు. కూర్చోమనడం నియమం కాదు. ఆమె గ్లాసు కాస్త తన వైపు జరుపుకుంది. అతను కూర్చున్నాడు.

"ఒక సంగతి అడగాలె. గింత పెద్ద యూనివర్సిటీల నౌకరీ ఎట్లుంటది?"

ఇదే అసలు ప్రశ్న, అనుకుంది. వెన్ను నిటారుగా పెట్టింది. "చాలా బాగుంటుందండీ. పరిశోధనకు మంచి వాతావరణం, గొప్ప లైబ్రరీ, తెలివైన విద్యార్థులు..."

"గది నేను వెబ్‌సైట్‌ల చదివిన. మీది చెప్పుండ్రి."

ఆమె టీ గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పింది. అతను తొందరపెట్టలేదు. టీ ఊదుకుంటూ వాన చూస్తూ కూర్చున్నాడు. అంత ఓపికగా ఎదురుచూసే మనిషిని ఆమె చూసి చాలా రోజులైంది.

"ఇక్కడ పనిచేస్తున్నానంటే బ్యాంకులో కూడా కుర్చీ వేస్తారు," అంది చివరికి. "మా నాన్నగారైతే కూరగాయల వాడికి కూడా చెప్తారు, మా అమ్మాయి నవశిలలో ప్రొఫెసర్ అని. అసిస్టెంట్ అన్న ముక్క మింగేస్తారు. క్లాసులో ఒక అమ్మాయికి ఏదో అర్థమైనప్పుడు మొహం మారుతుంది చూడండి, ఆ క్షణం కోసం ఎంత దూరమైనా వస్తాను."

"మరి బాగలేనిది?"

చెప్పకూడదు. చెబితే ఉద్యోగం గురించి మాట్లాడినట్టే. కానీ అతని కళ్లలో పరీక్ష కనిపించలేదు.

"మా అమ్మ పోయాక నేను తిరిగి వచ్చిన రోజు అందరూ వచ్చి పలకరించారు. అదే నోటితో పేపర్ ఎప్పుడు పంపుతావని అడిగారు. చెడ్డవాళ్లు కాదండీ. వాళ్లనీ ఎవరో అడుగుతుంటారు. ఇక్కడ ఏడవాలన్నా సెమిస్టర్ అయ్యేదాకా ఆగాలి. ఆగాను. సెమిస్టర్ అయింది. అప్పటికి ఏడుపు రాలేదు."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"మా బాపు దవాఖానల ఉన్నప్పుడు మా మేనేజర్ లాప్‌టాప్ వెంట తీస్కపో అన్నడు," అన్నాడు. "తీస్కపోయిన. ఐసీయూ బైట కూసోని మీటింగ్‌ల 'యెస్, యెస్' అనుకుంట..." ఆగిపోయాడు. నవ్వే ప్రయత్నం చేశాడు. "అయినా మీదే నయం మేడమ్. నేను గీ యూనివర్సిటీల సీటు కోసం రెండుసార్లు ఎంట్రన్స్ రాసిన. రెండుసార్లూ రాలే. ఇప్పుడు ఆఖరి బెంచీల కూసుంటుంటే ఎంత సంతోషమో మీకు తెల్వది."

ఉమాశ్రీ కనుబొమలు ముడిపడ్డాయి. "ఇక్కడ సీటు రాని వారికి పరిశీలన అప్పగిస్తారా?"

"ఏం పరిశీలన?"

"మీరు... నా క్లాసు చూడ్డానికి వస్తున్నారు కదా?"

"అవు. బుధవారం బుధవారం మా కంపెనీకీ మీ యూనివర్సిటీకీ ప్రాజెక్ట్ మీటింగ్ ఉంటది. జల్దీ అయిపోతది. మొదటి రోజు వాన పడుతుంటే మీ క్లాసులకొచ్చిన. ఎవ్వరూ ఏమనలే. మీరు కూడ అడగలే. బైటోళ్లను కూడ రానిస్తరేమో, ఎంత మంచి పద్ధతో అనుకున్న."

రేకుల మీద వాన ఒక్కసారిగా ఎక్కువైనట్టు అనిపించింది.

"మీ పేరేంటి?"

"రవీందర్."

"రవీందర్ గారూ, నేను మిమ్మల్ని అడగకపోవడానికి కారణం, అడిగితే నా ఉద్యోగం పోతుందని." ఆమె గ్లాసు పక్కకి నెట్టింది. "నా ఉద్యోగం ఉంచాలా వద్దా అని చెప్పడానికి ఒకరు వచ్చి ఆ బెంచీలోనే కూర్చుంటారు. మీరే ఆయన అనుకున్నాను. మీరు చెప్పారని స్లైడ్లు మానేశాను. హెడ్ చేత మాట పడ్డాను. బుధవారం వస్తుందంటే మంగళవారం నిద్ర పట్టేది కాదు. ఇదంతా... మీకు వాన పడుతోందని!"

రవీందర్ మొహం పాలిపోయింది. "నాకు నిజంగ తెల్వదు మేడమ్."

"తెలుసుకోవాలి కదండీ! ఎవరి క్లాసులోనో అలా వచ్చి కూర్చుంటారా?"

"అంటే," అన్నాడు అతను చాలా నెమ్మదిగా, "గిన్ని రోజులు నా ప్రశ్నలకు ఓపికతోని జవాబు చెప్పింది, ఇప్పుడు మీ అమ్మగారి ముచ్చట చెప్పింది... గిదంతా ఎగ్జామినర్‌కా?"

కాదు అనాలి. కానీ కోపం నోటికి ముందొచ్చింది.

"అవును."

అతను లేచాడు. హెల్మెట్ పెట్టుకోవడం కూడా మరిచిపోయి వానలోకి వెళ్లిపోయాడు.

*

మర్నాడు శ్రీనివాసులు గారు పిలిచి తన ఫోన్ ఆమె ముందు పెట్టారు. క్యాంటీన్‌లో ఎవరో దూరం నుంచి తీసిన ఫోటో. ఎదురెదురుగా ఉమాశ్రీ, రవీందర్.

"రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయిందమ్మా ఇది. నీ ఆఖరి బెంచీతో కూర్చుని నీ ఉద్యోగం గురించి మాట్లాడినావని ఫిర్యాదు. నిజమేనా?"

"ఆయన పరిశీలకుడు కాదు సార్."

"కాదా!" ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "బతికించినావు. మరెవరు?"

ఆమె చెప్పబోయి ఆగింది. ప్రాజెక్ట్ పాస్ మీద వచ్చిన వాళ్లు ప్రాజెక్ట్ ఆఫీసు దాటి ఎక్కడికీ పోకూడదు. పేరు చెబితే అతని కంపెనీకి తెలుస్తుంది.

శ్రీనివాసులు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "సరే, చెప్పొద్దు. నేను చెప్తా విను. రేపు పొద్దున రిజిస్ట్రార్ మేడమ్ అడుగుతారు. మా చుట్టాలబ్బాయి, ఊరి నుంచి వచ్చినాడు, ఒక పూట క్లాసులో కూర్చున్నాడు అని చెప్పు. నేనూ పక్కనే ఉంటా. అంతటితో అయిపోతుంది. నీ పరిశీలకుడు వస్తాడు, చూస్తాడు, పోతాడు. నువ్వు పర్మనెంట్."

"అది అబద్ధం కదా సార్."

"నిజం చెప్తే ఏమైతుందో ఆలోచించినావా? ఎవరో తెలియని మనిషిని పరిశీలకుడనుకొని, వాడి కోసం పాఠం చెప్పే పద్ధతే మార్చినావని చెప్పుకుంటావా? ఎవరూ నిలబెట్టుకోరమ్మా అట్లాంటి వాళ్లను. ఇంట్లో నాయన ఉన్నాడు. చూసుకో."

సాయంత్రం క్వార్టర్‌కు వచ్చేసరికి వరండాలో లైబ్రరీ పుస్తకాలన్నీ దొంతరగా పెట్టి ఉన్నాయి. రామ్మోహనరావు వాటిని గుడ్డసంచిలో సర్దుతున్నారు. సౌజన్య వచ్చి వెళ్లిందని చెప్పకుండానే తెలిసిపోయింది.

"చదవడం అయిపోయిందా నాన్నా?"

"లేదులే. ముందే ఇచ్చేస్తే తర్వాత హడావుడి ఉండదు కదా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. ఆయన సర్దడం ఆపలేదు.

"చుట్టమని చెప్పమంటున్నారు నాన్నా."

"చెప్తావా?"

"చెప్తే మీరు ఇక్కడే ఉండొచ్చు."

ఆయన చేతిలో పుస్తకం అట్ట తుడిచి సంచిలో పెట్టారు. "నేను ముప్ఫై ఏళ్లు ట్రెజరీలో చేశాను. నా బల్ల ముందుకు వచ్చిన ప్రతివాడూ ఎవరికో ఒకరికి చుట్టమే. ఇంక నువ్వూ ఒక చుట్టాన్ని తేనక్కర్లేదులే." తలెత్తి అడిగారు. "ఆ అబ్బాయి ఎలాంటివాడు?"

"మంచి ప్రశ్నలు అడుగుతాడు," అంది ఉమాశ్రీ విసురుగా.

"దానికి ఇంత కోపమా?"

"ఆయన మీద కాదు నాన్నా." ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించింది. "నిన్న అమ్మ గురించి చెప్పాను ఆయనకి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అదంతా పరీక్ష కోసమే చెప్పానన్నాను. అలా అన్నందుకు."

రామ్మోహనరావు కూతురి తల మీద చెయ్యి వేశారు. ఉమాశ్రీ ఏడ్చింది. సెమిస్టర్ మధ్యలోనే ఏడ్చింది.

*

రిజిస్ట్రార్ పుణ్యవతి గారి గదిలో ఏసీ చల్లగా ఉంది. శ్రీనివాసులు గారు పక్క కుర్చీలో కూర్చుని కళ్లతోనే 'చుట్టం, చుట్టం' అంటున్నారు.

"ఈయన మీ బంధువా?" అడిగారు పుణ్యవతి గారు.

"కాదు మేడమ్."

శ్రీనివాసులు గారు కళ్లు మూసుకున్నారు.

ఉమాశ్రీ అంతా చెప్పింది. పరిశీలకుడనుకున్నాననీ, అడగడానికి భయపడ్డాననీ, అతని మాట విని పాఠం మార్చాననీ చెప్పింది. "కానీ మార్చాక పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. దానికి మాత్రం క్షమాపణ చెప్పలేను మేడమ్."

"ఆయన పేరు?"

"చెప్పను. ఆయన తలుపు తీసి వచ్చారు. బయటికి వెళ్లమనవలసింది నేను. అనలేదు."

"చెప్పకపోతే మీకే నష్టం. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

పుణ్యవతి గారు బల్ల మీద పడి ఉన్న ఒక పాస్ ఇటు తిప్పి పెట్టారు. దాని మీద రవీందర్ ఫోటో ఉంది. "ఆఫీసు తలుపులు తీసేసరికే వచ్చి నిలబడ్డాడు. తప్పంతా తనదేనట. మీరు ఎన్నోసార్లు బయటికి పొమ్మన్నారట, తనే వినలేదట."

"అది నిజం కాదు!"

"తెలుసు. అబద్ధం చెప్పడం అతనికి అసలు చాతకాదు." ఆవిడ పెదవుల మీద నవ్వు లాంటిది వచ్చి పోయింది. "వినండి. మీ పరిశీలకులు ఇంకా రాలేదు. ఈ గొడవ మధ్య ఇప్పుడు పంపలేను. ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగిస్తున్నాం. అంతవరకు ఉద్యోగమూ క్వార్టరూ ఉంటాయి. ఆపైన మళ్లీ మొదటి నుంచి. ఆ అబ్బాయి మాత్రం ఈ క్యాంపస్‌లో అడుగు పెట్టకూడదు."

బయటికి వచ్చాక శ్రీనివాసులు గారు నుదురు తుడుచుకున్నారు. "ఒక్క మాటతో పోయేదానికి ఏడాది తెచ్చుకున్నావు కదమ్మా!" నాలుగడుగులు వేసి మళ్లీ ఆగారు. "సరే. బోర్డు మీదే చెప్పుకో. ఎవరన్నా అడిగితే నేను చెప్తాలే."

*

మెయిన్ గేటు అవతల రవీందర్ బైకు దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఉమాశ్రీ నడక పరుగులోకి మారకుండా చూసుకుంటూ గేటు దాటింది.

"ఎందుకు వెళ్లారండీ అక్కడికి? నేనడిగానా?"

"ఫోటో ముచ్చట ప్రాజెక్ట్ ఆఫీసోళ్లు ఫోన్ చేసి చెప్పిన్రు. మీరు అడగరు. గది నాకు తెల్సు గద."

"ఉద్యోగం?"

"ఉన్నది. ప్రాజెక్ట్ నుంచి తీసేసిన్రు. ఫికర్ లేదు. మీది?"

"ఇంకో ఏడాది ప్రొబేషన్."

అతను తల దించుకున్నాడు. "నా వల్లనే. మా కంపెనీల స్టాటిస్టిక్స్ తెల్సినోళ్లకు మస్తు జీతం ఇస్తరు. మా మేనేజర్‌తోని మాట్లాడుతా. గీ పరేషాన్ మీకెందుకు?"

"వద్దండీ. నాకు ఆ బోర్డే కావాలి. నిన్నటిదాకా భయపడుతూ చెప్పాను. ఈ ఏడాది భయపడకుండా చెప్పి చూస్తాను. అప్పటికీ వద్దంటే, అప్పుడు మీ మేనేజర్."

రోడ్డు మీద కంపెనీ బస్సు ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి గెంతారు. ఇద్దరూ తడిశారు.

"క్యాంటీన్‌లో నేనన్న మాట," అంది ఉమాశ్రీ చున్నీతో చెయ్యి తుడుచుకుంటూ. "అది నిజం కాదు. ఎగ్జామినర్ ఎదురుగా అయితే మా అమ్మ గురించి చెప్పేదాన్ని కాదు. మీకు చెప్పాలనిపించింది, చెప్పాను."

అతను ఆమె మొహం వైపు చూశాడు. హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మళ్లీ మార్చుకున్నాడు.

"నేను మొదటి బుధవారం వానకే వచ్చిన మేడమ్. రెండో బుధవారం వాన లేదు."

"చూశాను."

"మీరంటే ఇష్టం. గిట్ల చెప్పొచ్చునో లేదో తెల్వదు."

"మేడమ్ అని పిలుస్తూ మాత్రం చెప్పకూడదండీ."

"ఉమాశ్రీ గారూ," అన్నాడు, కొత్త మాట నేర్చుకున్నట్టు. "జవాబు ఇప్పుడే అడుగుతలేను. మీ ఏడాది కానియ్యుండ్రి. ఆగుతా."

"ఆ ప్రొబేషన్ యూనివర్సిటీ నాకు పెట్టింది," అంది ఆమె. "నేను మీకెందుకు పెడతానండీ?"

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మారింది. క్లాసులో ఆమె ఎదురుచూసే మార్పే అది. ఈసారి ఆమె చూపు తిప్పుకోలేదు.

*

ఆదివారం రామ్మోహనరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధమయ్యారు. "అతన్ని లోపలికి రానివ్వరు కదా. మనమే వెళ్దాం పద."

బోరబండలో ఇరుకు సందు, నిటారు మెట్లు, రెండో అంతస్తు. రవీందర్ తల్లి కమలమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఉమాశ్రీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. సర్వపిండి పళ్లెం ముందుకు జరిపింది.

"తిను బిడ్డా. పెద్దాయనా, మీరు కూడ తినుండ్రి. గట్టిగుందా?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా ఉందండీ," అన్నారు రామ్మోహనరావు. అప్పటికే ఆయన రెండో ముక్కలో ఉన్నారు.

"మావోడు చెప్పిండు. పెద్ద యూనివర్సిటీల సార్లకు కూడ భయపడలేదంట గద నువ్వు."

"భయపడ్డానమ్మా. భయపడుతూనే చెప్పాను."

కమలమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. రవీందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంతకూ నౌకరీ పక్కానేనా?"

"అమ్మా!" అన్నాడు రవీందర్.

"నువ్వు ఊకోరా. నేను పిల్లనడుగుతున్న."

ఉమాశ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన పళ్లెంలోకి చూస్తున్నారు, కానీ నమలడం మానేశారు.

"ఇంకా కాలేదమ్మా. ఏడాది ఆగితే గానీ తెలీదు. పోయినా పోవచ్చు."

కమలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. కింద సందులో ఎవరో బండికి హారన్ కొడుతున్నారు.

"నౌకరీదేముంది బిడ్డా, ఇయ్యాల ఉంటది, రేపు పోతది. మా ఆయనది మూడుసార్లు పోయింది," అంది. "నువ్వు మావోనికిచ్చిన మాట పక్కానేనా? అది చెప్పు."

"పక్కానేనమ్మా," అంది ఉమాశ్రీ.

"ఇగ చాలు," అని కమలమ్మ లేచింది. "రవీ, పొయ్యి మీద టీ పెట్టు. పెద్దాయనకు చక్కెర ఎంతనో అడుగు."